పట్నం అడ్రస్

“మళ్ల పట్నం పోతున్న బిడ్డా. ఈ ఫోన్ల జర రీచార్జి చెయ్యి” అంది అంజమ్మ.

అయిజ బస్టాండు ఎదురుగా ఉన్న సెల్ దుకాణంలో అర్చన తలెత్తి చూసింది. మనిషి సగమైంది. కాళ్లు పుండ్లు పడ్డాయి.

అంజమ్మ కూతురు శ్రీజా, అర్చనా ఇంటర్ దాకా ఒకే బెంచీ. పోయినేడు శ్రీజ వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. జాడ లేదు. ఆమె అన్న మహిపాల్, ఉద్యోగం ఉందంటూ వేరే పేరుతో ఆమె మెయిలుకు ఒక లింకు పంపించాడు. శ్రీజ నొక్కింది. దాంతో ఆమె ఫోను ఇంటర్నెట్ అడ్రస్ దొరికింది. అది హైదరాబాదు అని చూపించింది. ఇంకేం, అప్పటినుంచి తల్లీకొడుకులు పట్నమంతా జల్లెడ పడుతున్నారు.

“స్టేటస్‌ల ఫోటో పెట్టిందంట బిడ్డా. కడుపుతోటి ఉంది. తొలి కాన్పు తల్లిగారింట్ల గావద్దా? కులం పోతె పోయింది. నాకు నా బిడ్డ గావాలె.”

అంజమ్మ ఏడుస్తోంది. అర్చనకు ఏం చేయాలో తోచలేదు. ఉన్న చోటు ఎవరికీ చెప్పనని శ్రీజకు ఒట్టేసింది. కానీ ఈ తల్లి ఇంకెన్నాళ్లు ఫుట్‌పాత్‌ల వెంట తిరగాలి?

“పెద్దమ్మా, ఆ అడ్రస్ నమ్మకు” అంది. అంజమ్మ ఫోనులోనే అడ్రస్ చూపించే పేజీ తెరిచింది. “నువ్వు యాడున్నవ్? అయిజల. ఇది ఏమంటున్నది? హైదరాబాద్.”

అంజమ్మ కళ్లు తుడుచుకుంది. “గదెట్ల?”

“సెల్ కంపెనోళ్లు ఫోనుకొక అడ్రస్ ఇయ్యరు. వేల ఫోన్లను ఒక్క అడ్రస్ మీద పంపుతరు. గా అడ్రస్ పట్నంల ఉంటది. మీ విత్తనపత్తి ఎవరి పేరు మీద పోతది?”

“ఆర్గనైజర్ పేరు మీద. అందరి పత్తి ఆయనే కంపెనీకి పంపుతడు.”

“కంపెనీకి ఏ చేను పత్తో తెలుస్తదా?”

“ఏం తెలుస్తది?”

“గిది గూడ గంతే.”

పత్తి చేన్లో పుట్టి పెరిగిన మనిషికి పత్తి లెక్క చెబితే ఎందుకు అర్థం కాదు?

“అంటె మన దిక్కే ఉన్నా పట్నమనే చూపెడ్తదా?”

“చూపెడ్తది.”

“మరి యాడుంది బిడ్డా? నీకు ఎరుకుంటె చెప్పు. నీ కాల్మొక్త.”

అనడమే కాదు, వంగింది కూడా. తల్లి వయసు మనిషి కాళ్ల మీద పడబోతే ఎవరు తట్టుకుంటారు? అర్చన గబుక్కున పట్టుకుని లేపింది.

“పాన్‌గల్‌ల ఉంది పెద్దమ్మా. శ్రీజ మొగని అక్కోళ్లింట్ల. నేను చెప్పిన్నని మాత్రం అనకు.”

“నీ కడుపు సల్లగుండ” అని అంజమ్మ ఆమె తల నిమిరింది.

పాన్‌గల్‌కు గద్వాలలో బస్సు మారాలి. అర్చనే ఆమెను గద్వాల బస్సెక్కించింది. శ్రీజకు ఇవ్వమని రెండు మూరల మల్లెపూలు కొని కిటికీలోంచి అందించింది. మనసు తేలికపడి దుకాణానికి తిరిగొచ్చింది.

బస్సు ఊరు దాటాక అంజమ్మ కొడుక్కి ఫోన్ చేసింది.

“అది పట్నంల లేదురా మహిపాలూ, పాన్‌గల్‌ల ఉంది, కత్తి తీస్కొని రా, కాన్పు గాకముందే ఖతం చెయ్యాలె దాన్ని.”