జతపరచిన స్వరం

"మీ ఫైలు తెరుచుకోవడం లేదండీ, ఘనపాఠి గారూ!"

హైదరాబాదు నుంచి గుడి కమిటీ కార్యదర్శి సుబ్రహ్మణ్యేశ్వరరావు ఫోనులో ఆ మాట అనేసరికి, కొత్తపేటలో ఆత్రేయ కంగారుగా గడియారం వైపు చూశాడు. ఆ గుడిలో వేదపారాయణ ఉద్యోగానికి గొంతు రికార్డు చేసి మెయిల్లో పంపమన్నారు. గడువు ఆ సాయంత్రానికే.

"సైజు ఎక్కువైందని మా ఆవిడ జిప్ చేసిందండీ."

"ఆ జిప్పు ఇక్కడ విడటం లేదండీ. మరోలా పంపండి."

భార్య శ్రీలలిత ఫైలును డ్రైవ్‌లో పెట్టి లింకు పంపింది. కాసేపటికి మళ్ళీ ఫోను.

"పర్మిషన్ అడగమంటోందండీ. ఎవర్ని అడగాలి?"

"నన్నేనండీ."

"అయితే ఇవ్వండి."

"ఆయ్, ఇచ్చేనండీ."

ఇచ్చినా తెరుచుకోలేదు. "అంత పెద్దదెందుకండీ? చిన్న ముక్క చాలు, మెయిల్లోనే పెట్టేయండి" అన్నాడాయన.

ఆత్రేయ తలుపులు బిగించుకుని మళ్ళీ చదివాడు. వీధిలో చేపల బండి మైకు మోగినప్పుడల్లా మొదటికొచ్చాడు. చివరికి చిన్న ఫైలు తయారైంది.

"ఈసారి ఉత్తరం పద్ధతిగా ఉండాలి లలితా. రాయి. ఇందుతో జతపరచిన నా వేదఘోషను..."

"జతచేసిన అంటే చాలదాండీ?"

"జతపరచిన అంటేనే నిండుగా ఉంటుందే."

దానిమీద కాసేపు వాదులాడుకుని, ఆయన మాటే ఉంచి, పంపేశారు.

దీపాలు పెట్టే వేళకు జవాబొచ్చింది. 'విన్నాము. గొంతు బాగుంది. కాని మధ్యలో రెండుచోట్ల స్వరం తప్పింది. మరొకరిని తీసుకున్నాము. మన్నించగలరు.'

ఆత్రేయ ఆ జవాబు రెండుసార్లు చదువుకున్నాడు. గురువుగారి చేత కూడా ఏనాడూ ఆ మాట పడలేదు. ఫోనులో రికార్డు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ విన్నాడు. కంచం ముందు కూర్చుని కూడా వింటూనే ఉన్నాడు.

"ఎక్కడ తప్పేనే?"

"నాకేం తెలుస్తుందండీ! ముందు అన్నం తినండి."

"ఉద్యోగం పోతే పోయింది. స్వరం తప్పితే పాపం కదే! పొద్దున్నే వెళ్ళి గురువుగారి కాళ్ళమీద పడతాను."

"ఉండండి. కంగారులో వేరే ఫైలు పంపేమేమో చూస్తాను" అంటూ శ్రీలలిత పంపిన మెయిలు తెరిచింది.

ఉత్తరం పద్ధతిగానే ఉంది. ఫైలే జతపరచలేదు.