నాలుగో చిలక

దస్తగిర్ పొద్దుటి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఎందుకంటే, ఉయ్యాలకు చిలక ఒకటి తక్కువైంది!

అది ఇవాళ తక్కువైంది కాదు. అతను ఆ ఉయ్యాలలో పడుకున్న రోజుల నుంచీ అంతే. పైకట్టెకు నాలుగు కొక్కేలు, మూడు చిలకలు. నిర్మల్ కొయ్య చిలకలు, పచ్చ రంగు, ఎర్ర ముక్కు. ఊపితే టకటకమని ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఆ చప్పుడు వింటే దస్తగిర్‌కు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

"నాలుగోది ఏదమ్మీ?" అని చిన్నప్పుడు అడిగితే, తల్లి అక్తరున్నీసా ఒకటే చెప్పేది.

"ఎగిరిపోయింది."

ఈ సాయంత్రం తన కూతుర్ని తొలిసారి ఆ ఉయ్యాలలో వేస్తారు. చుట్టాలంతా వస్తారు. ఆ ఖాళీ కొక్కెం చూస్తుంటే అతనికి కాలు నిలవడం లేదు.

"బోధన్ బజారంత తిరిగిన. నిజామాబాద్ గూడ పోయొచ్చిన. కొయ్యది ఏడ దొర్కుతలేదు," అన్నాడు.

పాపను ఒళ్లో పెట్టుకున్న భార్య మాసూమా నవ్వింది.

"ప్లాస్టిక్‌ది కట్టుండ్రి. గిప్పుడు అందరు గదే కడుతున్నరు. చావి తిప్పితే పాట గూడ వస్తదట."

"ప్లాస్టిక్ చిలకా! దాని మొహం! గది గిట్ల మోగుతదా?"

మాసూమా పాపను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారు.

"బిడ్డా, అక్తర్ బేగం ఉన్నదా?"

ఒక ముసలావిడ. ముతక చీర, చేతిలో చిన్న గుడ్డ మూట.

"అమ్మీ నమాజుల ఉన్నది. ఏం గావాలె అవ్వా?"

"నాకేం వద్దు. పాప పుట్టిందని తెల్సి కోటగిరి నుంచి వచ్చిన." ఆమె అతని ముఖంలోకే చూస్తోంది. "ఎంత పెద్దోనివైనవ్ బిడ్డా!"

అట్లా కళ్లార్పకుండా చూస్తే ఎవరికి మాత్రం బాగుంటుంది! దస్తగిర్ ఇబ్బందిగా కదిలాడు.

ముసలావిడ గడప దాటి నేరుగా ఉయ్యాల దగ్గరికి నడిచింది. ఖాళీ కొక్కేన్ని వేలితో తడిమింది. మూట ముడి విప్పబోయింది.

"గిది నా చేతుల్తోని కట్టి పోత. పాపను ఒక్కసారి సూపియ్యి బిడ్డా. మల్ల బస్సు పోతది."

దస్తగిర్ గబుక్కున అడ్డం వచ్చాడు. ముక్కూ మొహం తెలియని మనిషి పసిపిల్ల ఉయ్యాలకు మూట కడతానంటోంది!

"ఏయ్, ముట్టకు! బాణామతి జేసెతందుకు మా ఇల్లే దొర్కిందా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"గట్లనకు బిడ్డా. నీకు నేను చెడు జేస్తనా?"

"ఎవరు నువ్వు? చెప్పు!"

ఆమె లోపలి గది వైపు చూసింది.

"చెప్పనని ఒట్టేసిన. మీ అమ్మొస్తే ఆమెనే చెప్తది."

"గీ కతలన్ని నా దగ్గర గాదు. నడువ్ ఈడికెళ్లి!"

ముసలావిడ మూటను గడప మీద పెట్టింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పాప సల్లగుండాలె," అని వెళ్లిపోయింది.

దస్తగిర్ దాన్ని చేత్తో ముట్టలేదు. కట్టె తెచ్చి మురికి మోరీలోకి తోయబోయాడు. ముడి వదులై గుడ్డ విచ్చుకుంది.

పచ్చ రంగు. ఎర్ర ముక్కు.

చిలక!

నాలుగోది! చేతుల్లో అరిగి అరిగి నున్నగా అయింది గానీ, అదే చిలక. దస్తగిర్ సంతోషంతో దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మరుక్షణమే ఒళ్లు మండింది.

"అరె, దొంగ ముసల్దీ! ఇన్నేండ్లు దాసుకున్నవా!"

చిలకను ఉయ్యాలలో పడేసి వీధిలోకి పరుగెత్తాడు. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు దారంతా బారులు తీరి ఉన్నాయి. వాటిని తప్పించుకుని బస్సుల అడ్డా చేరేసరికి కోటగిరి బస్సు మలుపు తిరిగిపోయింది.

రొప్పుతూ ఇంటికి వచ్చాడు. తల్లి చేతిలో చిలక ఉంది.

"తప్పిచ్చుకున్నదమ్మీ! చిలకను ఎత్కపోయిన దొంగ గామెనే!"

"హన్మవ్వ వచ్చిందా? ఏదిరా? లోపల కూసోబెట్టినవా?"

"వెళ్లగొట్టిన."

అక్తరున్నీసా ఉయ్యాల పట్టుకుని కూలబడిపోయింది. భోరున ఏడ్చింది.

"దొంగ కాదురా, నేనే ఇచ్చిన. మా అత్త నామోషీ అని, ఎవ్వలికి చెప్పొద్దని మా ఇద్దరితోని ఒట్టేయించింది. నాకు పాలు పడకపోతే, తన బిడ్డతోపాటు నీకూ రొమ్మిచ్చి బతికిచ్చిన తల్లిరా ఆమె. మా ఇల్లు ఇడ్సి పోయేనాడు ఏం గావాల్నో అడగవే అంటే, పిలగాడు యాదికుంటడని గీ చిలకొక్కటి అడిగింది."