వెనకే పసుపు జాకెట్

మలుపులో సైకిల్ తిప్పుతూ ఒక్కసారి వెనక్కి చూసింది టైలరమ్మ. కాస్త దూరంలో పసుపు జాకెట్ కనిపించింది. ఆమె గబగబా పెడల్ తొక్కింది.

పొద్దున మైకులో మరీ మరీ చెప్పారు. అందరికంటే చివర పసుపు జాకెట్ వేసుకున్న మనిషి వస్తాడు. దారిలో పెట్టిన గుర్తులు ఎత్తేసుకుంటూ వస్తాడు. అతను ఎవరినైనా దాటేశాడంటే వాళ్ల పోటీ అక్కడితో సరి. మారు మాట్లాడకుండా వెనకొచ్చే వ్యాన్ ఎక్కెయ్యాలి.

ముందు ఈత, తర్వాత సైకిల్, ఆఖర్న పరుగు. యాభై ఒకటో ఏట ఇదే ఆమెకు మొదటి పోటీ. తనే కుట్టుకున్న ఈత బట్టల్లో చెరువు ఒడ్డెక్కేసరికి, స్టాండులో తన సైకిల్ కాక ఇంకో పాత సైకిలొక్కటే మిగిలింది. దానివాడెవరో మనసు మార్చుకుని ఇంటికి పోయుంటాడనుకుని, అతని తెలివిని మెచ్చుకుని మరీ పెడల్ తొక్కింది.

"అమ్మా, కుడి పక్కకి రండి! ఎడమ పక్క గుంతుంది!" వెనకనుంచి కేక వినిపించింది.

టైలరమ్మ కుడి పక్కకి జరిగింది. నిజంగానే పెద్ద గుంత. వెంటపడి తరిమేవాడికి మళ్లీ ఈ మర్యాదలొకటి అనుకుంది.

సైకిల్ స్టాండులో పెట్టేటప్పుడు, కంచె అవతల భర్త ఫ్లాస్కు, తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కారు తీసుకురానా?"

"ఇంకా పరుగుందండీ."

"ఎందుకే ఈ అవస్థ? సంగీతం సగంలో ఆపావు. డ్రైవింగ్ సగంలో ఆపావు. కంప్యూటర్ క్లాసు సంగతి సరేసరి. ఇందులో మూడింట రెండొంతులు చేసేశావు. నీ లెక్కన ఇదే రికార్డు."

ఆయన వెటకారానికి అనలేదు. తెల్లారకముందే లేచి ఫ్లాస్కు నింపిన మనిషి. కానీ మాట నిజం కావడంతో టైలరమ్మకు ఒళ్లు మండింది. చెప్పిన రోజుకి బట్టలు ఇవ్వలేదని షాపులో ఒక్కరి చేతా అనిపించుకోలేదు. తనకోసం మొదలుపెట్టినవి మాత్రం ఒక్కటీ ఒడ్డున పడలేదు.

"ఇవాళ వ్యాన్ ఎక్కానంటే, ఇక జన్మలో ఏదీ మొదలుపెట్టను. సరేనా?" అనేసి పరుగందుకుంది.

పరుగంటే పరుగా అది! చూసేవాళ్లకు నడకలాగే ఉంటుంది, చేసేవాళ్లకే తెలుస్తుంది. రెండో కిలోమీటరులో మడమ బూటుకి ఒరుసుకుపోయింది. మూడో కిలోమీటరులో వెనక అడుగుల చప్పుడు దగ్గరైంది.

"నన్ను దాటకండి అన్నయ్యగారూ!" తల తిప్పకుండానే అరిచింది.

"అయ్యో, దాటను తల్లీ! మీరు నడవండి చాలు."

మంచినీళ్ల బల్ల దగ్గర ఇక కాళ్లు మొరాయించాయి. గట్టు మీద కూలబడి, కళ్లు మూసుకుని, ఇప్పుడు దాటేస్తాడని ఎదురుచూసింది. ఎంతకీ దాటలేదు. కళ్లు తెరిచి చూస్తే పదడుగుల వెనక పసుపు జాకెట్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. నలభై అయిదు దాటిన మనిషి. జాకెట్ అతనికి రెండు సైజులు పెద్దది. ఇలాంటి పనికి ఇంత ఆయాసం ఉన్నవాణ్ణి ఎవరు పెట్టారో అనుకుంది.

"దాటరేం?" అంది.

"మీరు లేవండమ్మా. వెళ్దాం."

"నాకోసం ఆగితే మీ పైవాళ్లు ఏమీ అనరా?"

"పైవాళ్లా?" అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఆదివారం పూట నన్నెవరు అడుగుతారమ్మా? లేవండి, కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి."

ఎంత మంచివాడు అనుకుంది టైలరమ్మ. పాపం, తనవల్ల ఇతనికి మాట రాకూడదు. బల్ల పట్టుకుని లేచింది. బూటు మడమ తొక్కేసి, చెప్పులా ఈడ్చుకుంటూ కదిలింది. నాలుగో కిలోమీటరు ఎలా గడిచిందో ఆమెకు తెలియదు. అయిదోది ఏడుస్తూనే నడిచింది. వెనక ఆ అడుగుల చప్పుడు మాత్రం దూరం కాలేదు, దగ్గరా కాలేదు.

ముగింపు గీత దగ్గర కుర్చీలు మడిచేస్తున్నారు. టైలరమ్మ గీత దాటింది. భర్త ఎదురొచ్చాడు. ఫ్లాస్కు కింద పెట్టి రెండు చేతులతో ఆమెను పట్టుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి ఆమెకు నవ్వొచ్చింది.

"మొత్తం చేశానండీ."

"చేశావే. మొత్తం చేశావు."

పసుపు జాకెట్ కూడా గీత దాటి గడ్డి మీద వెల్లకిలా పడ్డాడు. ఉక్కపోస్తోందో ఏమో, జిప్పు లాగాడు. లోపల చొక్కాకి పిన్నులతో గుచ్చిన కాగితం మీద నంబరుంది, అచ్చం టైలరమ్మ చొక్కా మీద ఉన్నట్టే.

"మీరూ... పోటీలోనా?"

"అవునమ్మా, మొదటిసారి. నీళ్లలోంచి వచ్చాక వణుకు పుట్టి ఇది తగిలించుకున్నా. రోడ్డు పనిలో మాకిచ్చే డ్యూటీ జాకెట్."

అంతలో ఒక వ్యాన్ మెల్లగా వచ్చి ఆగింది. గుర్తులన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో పసుపు జాకెట్ మనిషి దిగి, గడ్డి మీద ఉన్న ఆయన్ని చూసి తల కొట్టుకున్నాడు.

"మూడుసార్లు ఎక్కమన్నానండీ ఈయన్ని. వినలేదు."

గడ్డి మీది మనిషి మోచేతి మీద లేచి, టైలరమ్మ భర్త వైపు చూసి నవ్వాడు.

"నా ముందున్న ఆవిడ ఆగితే ఎక్కుతానన్నానండీ. ఆవిడేమో ఆగే రకం కాదాయె!"