తెల్లకణాల లెక్క

ఆగస్టు ఇరవై, ఉదయం. డాక్టరు గారూ, మా మనవరాలికి రేపు మళ్ళీ రక్తపరీక్ష. ఆలోపే మీకు ఒక నిజం తెలియాలని ఈ కార్డు రాసి మా అమ్మాయి చేతికిచ్చి పంపుతున్నాను.

సోమవారం ల్యాబులో కూర్చున్నంతసేపూ మనవరాలు సూదిని తలచుకుని వణుకుతూనే ఉంది. "నోరు మూసుకో. కన్నీటిచుక్క కనబడిందంటే ఇంకో సూది పొడిపిస్తాను. పదమూడో ఎక్కం అప్పజెప్పు!" అన్నాను. పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయింది. అందరి ముందూ మొట్టికాయ వేశాను.

అంతలో ల్యాబు అమ్మాయి కాగితం పట్టుకొచ్చి, "ఈ అరగంటలో పాప ఏడ్చిందా, భయపడిందా మామ్మగారూ?" అని అడిగింది.

"మా ఇంట్లో పిల్లలు ఏడవరు," అన్నాను. రెండింటికీ "లేదు" అని గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను.

తీసిన రక్తంలో తెల్లకణాలు ఉండవలసినదానికంటే బాగా ఎక్కువగా, పదిహేడు వేలు వచ్చాయి. మీరు ఇన్‌ఫెక్షన్ అనుకుని, టాన్సిల్స్ ఆపరేషన్ వాయిదా వేసి మందులు మొదలుపెట్టారు.

ఆ ప్రశ్న ఎందుకడిగావని నిన్న ల్యాబు అమ్మాయిని నిలదీశాను.

"బాగా హడలిపోతే ఒళ్ళు దెబ్బ తగలబోతోందనుకుంటుందండీ. లోపల దాగిన తెల్లకణాలన్నీ నిమిషాల్లో రక్తంలోకి వచ్చేస్తాయి. జబ్బు లేకపోయినా లెక్క పెరుగుతుంది," అంది.

భయపడిందా అన్నదానికి నేను రాసిన "లేదు" అబద్ధం.

ఇక జరగవలసినవి:

1. ఆ మందులు అవసరమో కాదో మీరు తేల్చాలి.

2. రేపు పిల్లను వాళ్ళమ్మే తీసుకురావాలి. నేను రాను.

3. రాత్రి అది నన్ను, "అమ్మమ్మా, నా రక్తం కూడా తప్పు చేసిందా?" అని అడిగింది. తప్పు నాదని ఈ పూటే దానికి చెప్పాలి.