స్ప్రింగు మీద వెండిరంగు

"ఈ రంగు ఎవరు వేశారమ్మా?"

నిచ్చెన మీదున్న మేస్త్రి తల తిప్పకుండానే అడిగాడు. గ్యారేజీ గుమ్మంలో ఇల్లాలు నిలబడి ఉంది. పన్నెండు రోజులుగా ఏ ప్రశ్నకు భయపడుతోందో అదే ప్రశ్న. పోలీసులకు కూడా తట్టనిది, తలుపు బాగుచేయడానికి వచ్చిన ఈ ముసలాయన పావుగంటకే అడిగేశాడు.

పన్నెండు రోజుల కిందట ఇక్కడే ఒక మనిషి ప్రాణం పోయింది. గ్యారేజీ తలుపు బరువెక్కింది, ఎత్తలేకపోతున్నామని ఫోన్ చేస్తే షాపు నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. నిచ్చెనెక్కి, తలుపుకు పైనుండే పెద్ద స్ప్రింగును ఇనుపకడ్డీతో బిగిస్తుంటే అది ఫట్‌మని తెగింది. కడ్డీ ఎగిరి తలకు తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అంతా అయిపోయింది.

ఆ స్ప్రింగుకు నెల ముందు వెండిరంగు పూసింది ఆవిడే. సముద్రం వీధి చివరే ఉంది. ఉప్పుగాలికి ఈ ఇంట్లో తుప్పు పట్టనిది నా పెళ్లాం నోరొక్కటేనని భర్త వేళాకోళం చేసేవాడు. గేటుకు వేయగా డబ్బా అడుగున కాస్త రంగు మిగిలింది. ఎర్రబారిన స్ప్రింగు చూడ్డానికి అసహ్యంగా ఉందని దానికీ పూసేసింది. కొత్తదానిలా మెరిసింది. ఆ మెరుపు చూసే మెకానిక్ మోసపోయాడేమోనన్న అనుమానం ఆవిణ్ణి నిలవనీయడం లేదు. కంటి మీద కునుకు లేదు, ముద్ద గొంతు దిగదు. అతని ఇంటివాళ్లను చూసి వస్తానంటే భర్త గుమ్మం దాటనివ్వలేదు.

"రంగు మాట ఎవరి దగ్గరా ఎత్తకు. అడిగినా తెలియదను" అన్నాడు.

అనడానికేం, మోసేది ఆయన కాదుగా.

"నేనే వేశాను" అంది.

మేస్త్రి తెగిన స్ప్రింగును విప్పి, నెమ్మదిగా దిగి, నేల మీద చతికిలబడ్డాడు. స్క్రూడ్రైవర్ మొనతో రంగు గీకాడు. పొట్టులాంటి ఎర్రటి తుప్పు రాలింది.

"తుప్పు మీద రంగు పూయకూడదని ఎవరూ చెప్పలేదా?"

"లేదు. బాగుంటుందని వేశాను."

"పైన పటారం, లోన లొటారం" అని గొణిగాడు. స్ప్రింగునన్నాడో తననన్నాడో ఆవిడకు తెలియలేదు. రెండూ ఒకటేననిపించింది.

"మేస్త్రిగారూ, ఒక్కమాట నిజం చెప్పండి. నేను రంగు వేయకపోతే అతను బతికేవాడా?"

మేస్త్రి గీకిన చోట వేలు పెట్టి చాలాసేపు తడుముతూ కూర్చున్నాడు.

"ఆ రోజు అతను ఏమన్నా తాగాడా?" అని అడిగాడు చివరికి.

ఆవిడకు కోపం వచ్చింది. చచ్చిపోయినవాడి మీద నింద వేయడానికి చూస్తున్నాడనుకుంది.

"అలాంటి మనిషి కాదు. టీ ఇస్తానంటే కూడా పనయ్యాక తాగుతానన్నాడు."

మేస్త్రి తల ఊపాడు. తెగిన ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇటు చూడండమ్మా. ఈ పగులు లోపలివైపుది. రంగు ఉన్నా లేకున్నా నిచ్చెన మీదున్నవాడికి కనబడదు. ఇది ఉప్పుగాలి చేసిన పని. మీరు చేసింది కాదు."

ఆవిడ వంగి చూసింది. పగులు బయటివైపునే ఉన్నట్టు కనిపించింది. కానీ పని తెలిసినవాడు చెబుతుంటే తనకేం తెలుసు? అలాగే గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మేస్త్రి ఓదార్చలేదు. లేచి కొత్త స్ప్రింగు ఎక్కించడం మొదలుపెట్టాడు.

రెండు గంటలు పట్టింది. తలుపును లాగే తుప్పు తిన్న ఇనుపతీగలు మార్చాడు, పట్టేసిన చక్రాలు మార్చాడు. చేతులు పని చేస్తుంటే నోరు చెబుతూనే ఉంది.

"గాలిలో తేమ, తేమలో ఉప్పు. ఎండకు నీరు ఆరిపోతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. నెలకోసారి మంచినీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి. ఆరాక నూనె పట్టించండి. ఎక్కడైనా ఎర్రబడితే కప్పిపెట్టకుండా పిలవండి."

"అలాగే."

తలుపును రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు. తెగిన ముక్కల్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

"అవెందుకండీ మీకు?"

"ఇక్కడుంటే రోజూ మీ కంట పడతాయి."

వెళ్లేముందు ఆయనే అడిగి టీ పెట్టించుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నిచ్చెన వేసిన చోటే నిలబడి, చివరి చుక్క దాకా తాగి, గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు.

"వేళకు తినండమ్మా" అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది. ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. సాయంత్రం లేవగానే, మంచిమాటకు ఆలస్యమెందుకని షాపుకు ఫోన్ చేసింది.

"మీరు పంపిన మేస్త్రిగారు దేవుడిలాంటి మనిషండీ. ఇకనుంచి ఎప్పుడూ ఆయన్నే పంపించండి."

షాపు యజమాని గొంతు తగ్గించాడు.

"నేను పంపలేదమ్మా. వద్దంటే వినకుండా తనే వచ్చాడు."

"ఎందుకు వద్దన్నారు?"

"ఆ రోజు మీ ఇంట్లో పోయినవాడు ఆయన కొడుకమ్మా."