ఖాసింబీ బుర్ఖా

"నువ్వు ఈడుంటే, సారు గదిలకు పోయినదెవరే?" అనసూయ నోరు వెళ్లబెట్టింది.

"మా అమ్మ. బన్సీలాల్‌పేట్ నుంచి రిక్షాల వచ్చింది. బుర్ఖా ఏసుకుంటే ఎవరో సారుకేం ఎరుక?" నజ్మున్నీసా కిసుక్కున నవ్వింది.

కాపీ దిద్దుతాను, ఒక్కదానివే రమ్మని చరిత్ర సారు నిన్న నజ్మున్నీసాతో అన్నాడు. పోయినవారం అనసూయనూ అలాగే పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. ఇంట్లో తెలిస్తే కాలేజీ మాన్పిస్తారని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఇద్దరూ తలుపుకు చెవులు ఆనించారు.

"దగ్గరికి రా. నా ముందర పరదా ఎందుకు?" సారు గొంతులో తేనె కారుతోంది.

"తీస్తా సారూ, జెర గుండె గట్టిగ పట్టుకో!"

కుర్చీ దభాలున పడింది. సారు తలుపు తోసుకొని ఒంటి చెప్పుతో గేటువైపు పరుగెత్తాడు. రెండో చెప్పు పట్టుకొని నజ్మున్నీసా తల్లి ఖాసింబీ బయటికొచ్చింది.

"ఇగ నజ్మాను కాలేజీ మాన్పిస్తవా, చిన్నమ్మా?" అనసూయ మెల్లగా అడిగింది.

"ఎందుకు మాన్పిస్త? పోలీస్ యాక్షనప్పుడు బస్తీ అంతా తలుపులేసుకున్నా దీని చదువు ఆపలే. మానాల్సింది వాడు. రేపు ఈ చెప్పు ప్రిన్సిపాల్ సాబ్ బల్ల మీద పెడత."

అనసూయ కళ్లు నిండాయి. "నన్ను సుత గిట్లనే పిలిచిండు. అమ్మకు చెప్పలే. చెప్పినా అమ్మ మగోళ్ల ముందుకు రాదు."

ఖాసింబీ బుర్ఖా విప్పి, మడిచి అనసూయ చేతిలో పెట్టింది.

"మీ అమ్మకు ఇది తొడిగి తోల్కరా. దీంట్ల నాకు సుత గిప్పుడే వచ్చింది ధైర్యం."