సూది గుచ్చుకున్న వేళ్లు

ఇంటింటా పనులన్నీ మరమనుషులే చేస్తున్న ఈ రోజుల్లో మా అమ్మాయి కుందన చాటుగా చేత్తో జాకెట్లు కుడుతుంది. పనిచేసే పిల్లంటే ఏదో లోపం ఉందనుకుంటారు లోకులు. అందుకే పెళ్లిచూపుల నాడు, "సూది గుచ్చుకున్న ఆ వేళ్లు కనబడకుండా కాఫీ ఇవ్వవే తల్లీ" అని బతిమాలాను.

వింటేనా! తెనాలి నుంచి వచ్చిన పెళ్లికొడుకు సరిగ్గా ఆ వేళ్లే చూశాడు. ఇక సంబంధం తప్పిపోయినట్టే అనుకున్నాను.

"కుడతారా?" అంటూ తన గోళ్లలోని నల్లటి గ్రీజు చూపించాడు. "నేను సైకిళ్లు బాగుచేస్తానండీ."

వాళ్లమ్మ అదిరిపడి, "మావాడి చేత ఆ అలవాటు మాన్పించేస్తాం వదినగారూ!" అంది.

"మాన్పించకండి అత్తయ్యా" అంది మా పిల్ల.

ముహూర్తం పెట్టేశాం. ఇప్పుడు నా బెంగల్లా ఒకటే. ఇద్దరూ పనిలో పడి ఆకలి మరిచిపోతే, అన్నానికి ఎవరు ఎవర్ని పిలుస్తారు?